తెరమీది దొంగ హెచ్చరికలు – గుమాస్తాకు మెమోలు

ఒక ఉపతపాలా కార్యాలయంలో కౌంటరు గుమాస్తాగా పనిచేస్తున్న సోదరి ఒకరు సంజాయిషీ మెమో పట్టుకొని మా వద్దకు వచ్చారు. ఆమె కూర్చునే కంప్యూటరు తెర మూలన "మీ కంప్యూటరులో వైరసు చేరినది, వెంటనే నొక్కండి" అంటూ ఒక పెట్టె మాటిమాటికీ లేస్తున్నది. నడుమ నడుమ జూదపు ప్రకటనలు, చెప్పరాని బొమ్మలు. తనిఖీకి వచ్చిన అధికారి కంట అవి పడ్డాయి. అనుచితమైన సైట్లు చూసి నిర్లక్ష్యంగా ప్రవర్తించినందుకు చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపవలసిందని మెమో. ఆ యంత్రం మీద ముగ్గురు పనిచేస్తారన్న సంగతి అందులో లేదు.

తరువాత సిస్టం అడ్మినిస్ట్రేటరు వచ్చి చూడగా అసలు కారణం తేలింది. ఎవరో ఫొటో పరిమాణం తగ్గించే సైటు తెరిచారు. "మీరు రోబో కాదని నిరూపించుటకు అలో నొక్కండి" అని అది అడిగింది, వారు నొక్కారు. అంతే. ఆ ఒక్క నొక్కుతో నోటిఫికేషన్లు పంపడానికి ఆ సైటుకు అనుమతి లభించినది. సైటు మూసివేసినా అవి ఆగవు. దీనిని వైరసు అనుకొని యాంటీవైరస్ నడిపితే తరచుగా ఏమీ దొరకదు. ఉన్నది ఫైలు కాదు, మనం ఇచ్చిన అనుమతి. అడ్మినిస్ట్రేటరు దానిని అయిదు నిమిషాలలో తీసివేశారు.

ఇంటి కంప్యూటరులోనైతే ఈ పని ఎవరికి వారే చేసుకొనవచ్చును. క్రోమ్‌లో కుడివైపు పైనున్న మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ అన్న వరుసలో వెళ్లిన యెడల అనుమతి పొందిన సైట్ల జాబితా కనిపిస్తుంది. తెలియని పేర్లన్నిటినీ తొలగించాలి.

అప్పటికీ ప్రకటనలు ఆగకున్నా, మొదటి పేజీ దానంతటదే మారిపోతున్నా, ఎక్స్‌టెన్షన్లను అనుమానించాలి. మనం చేర్చని వాటినే కాదు, చేర్చిన వాటిని సైతం. 'ది గ్రేట్ సస్పెండర్' అనే ఉపకరణాన్ని లక్షలాది మంది నమ్మి వాడారు. 2020లో అది చేతులు మారింది. హానికరమైన కోడ్ ఉన్నదని 2021 ఫిబ్రవరిలో గూగుల్ దానిని తొలగించింది. మనం చూసే పేజీలన్నిటినీ చదివే అనుమతి గల ఎక్స్‌టెన్షన్ మనం కొట్టే పాస్‌వర్డునూ చూడగలదు. కావున అట్టి దానిని తీసివేసిన పిమ్మట పాస్‌వర్డులు మార్చుకొనడం మరువరాదు. చివరి ఉపాయం రీసెట్ సెట్టింగ్స్. దానివలన బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డులు పోవు గనుక భయపడనక్కరలేదు. విండోస్‌లో ఇటీవల చేరిన తెలియని ప్రోగ్రాములను తీసివేసి, పూర్తి స్కాన్ నడపడం కూడ అవసరం.

తెరనంతా ఆక్రమించి, గంట మోగిస్తూ, "ఈ నెంబరుకు ఫోను చేయండి" అనే రకం మరొకటి కలదు. పింఛనుదారులైన మన పెద్దలు దీనికి ఎక్కువగా బెదరిపోతున్నారు. ఆ నెంబరుకు ఫోను చేయరాదు. దూరం నుంచి మన యంత్రాన్ని నడిపే యాప్ ఏదీ ఎక్కించుకొనరాదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, వచ్చిన జాబితాలో బ్రౌజరును ముగించాలి. తిరిగి తెరిచినపుడు పాత పేజీలను పునరుద్ధరించరాదు. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయక 1930కి తెలుపవలెను.

కార్యాలయపు యంత్రం సంగతి వేరు. అక్కడ స్వయంగా మరమ్మతు చేయవద్దని మా సలహా. పెట్టె లేచిన తేదీ, వేళ వ్రాసి, లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, ప్రతి దగ్గర వుంచుకొనాలి. ఎందుకనగా మెమోలోని "నిర్లక్ష్యం" అన్న మాట చిన్నది కాదు. తపాలా ఉద్యోగులకు వర్తించే 1965 నాటి నియమాలలోనూ, రైల్వే ఉద్యోగుల 1968 నాటి నియమాలలోనూ, నిర్లక్ష్యం వలన ప్రభుత్వానికి కలిగిన నష్టాన్ని జీతం నుంచి రాబట్టే శిక్ష వున్నది. నేడు తెరమీది బొమ్మకు ఆ మాట వాడినవారు రేపు ఏ ఖాతాలోనో సొమ్ము మాయమైనపుడు వాడరని నమ్మకమేమి?

నోటిఫికేషన్ల అనుమతి అడగనే అడగకుండా, ఆమోదించిన ఎక్స్‌టెన్షన్లు తప్ప మరేవీ చేరకుండా, యంత్రాలన్నిటికీ ఒకేచోటినుంచి కట్టడి చేసే ఏర్పాటు క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్లలో వున్నది. అది గుమాస్తా చేతిలో లేదు, అధికారుల చేతిలో వున్నది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది; ఆ యంత్రాలను మార్చవలసినదీ, రక్షణ కల్పించవలసినదీ వారే. వేలిముద్ర సరిపడక, సర్వరు కదలక, ఎదుట జనం అరుస్తూంటే, తెరమీద ఆంగ్లంలో లేచిన ప్రతి పెట్టెనూ చదివి నొక్కే తీరిక ఏ గుమాస్తాకు వుంటుంది? తాము చేయవలసిన కట్టడి చేయక, తెర ముందు కూర్చున్న మనిషిని సంజాయిషీ అడగడం అన్యాయం. మెమోలకు ముందు కట్టడి చేయాలనీ, ఒక్క పూటైనా శిక్షణను పని వేళలలోనే ఇవ్వాలనీ మేము కోరుతున్నాము.

ఆ సోదరి తన జవాబుకు అడ్మినిస్ట్రేటరు వ్రాసి ఇచ్చిన నివేదికను జతపరిచారు. మూడు వారాలయినది. ఉత్తర్వు ఇంకా రాలేదు.