ఆటల వార్తలు – మన తెలుగు

గడచిన వేసవి సెలవులకు ముందు ఒక తండ్రిగారు మా గదికి వచ్చి, తొమ్మిదవ తరగతి చదువుచున్న తమ కుమారునకు బదిలీ పత్రము కావలెనని కోరిరి. కారణ మడిగితిమి. “తెలుగులో ఏముండాది సార్? ఆటల సంగతి గూడా ఇంగ్లీషులోనే చెప్తారు గదా” అనిరి. ఉద్యోగములను గూర్చియో, పై చదువులను గూర్చియో అడిగియుండిన మాయొద్ద సమాధానములు సిద్ధముగా నున్నవి. ఇరువది యేండ్లుగా చెప్పుచున్నవే. ఆటల మాట వచ్చుసరికి నోట మాట రాలేదు.

మా సొరుగులో 2017వ సంవత్సరపు వార్తాపత్రిక తునక యొకటి యున్నది. ఆ సెప్టెంబరు మాసమున విశాఖపట్టణములో ఇండియన్ ఓపెన్ అను స్నూకర్ పోటీ జరిగినది. స్నూకరే వృత్తిగా గల మేటి ఆటగాండ్రు దేశదేశములనుండి వచ్చిరి. తుదిపోటీలో స్కాట్లండు దేశీయులైన జాన్ హిగ్గిన్స్, ఆంథొనీ మెక్‌గిల్ తలపడగా హిగ్గిన్స్ 5-1తో గెలిచెను. వార్త అంతటితో సరి. మరునాడు దానిని తరగతిలో చదివి వినిపించితిమి. ఆ అయిదు దేనికి గుర్తో ఒక్కరికిని తెలియలేదు. మన బెంగుళూరులో పెరిగిన పంకజ్ అద్వానీ పేరు విన్నవారు ఇద్దరు ముగ్గురుండిరి. ఆయన ఆడు ఆట ఎట్టిదో వారును చెప్పలేకపోయిరి. ఆ తండ్రిగారి మాటలో సత్యమున్నదని ఒప్పుకొంటిమి. అయినను, ఇది భాషకు చేతకాని పనియా, లేక మేమే దానిచేత ఆ పని చేయింపలేదా యని సందేహము కలిగెను.

నల్లబల్లయొద్ద ప్రయత్నించి చూచితిమి. పావగడలో క్యారమ్ బల్ల నెరుగని బాలుడు లేడు గనుక అక్కడనుండియే మొదలుపెట్టితిమి. పచ్చని గుడ్డ పరచిన పెద్ద బల్ల. సుమారు పండ్రెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. నాలుగు మూలలయందును, పొడుగు అంచుల నడుమను కలిసి ఆరు సంచులు. స్ట్రైకరునకు బదులు తెల్లబంతి, వ్రేలికి బదులు క్యూ అను సన్నని కర్ర. ఎఱ్ఱబంతులు పదునైదు, రంగుబంతులు ఆరు. ఎఱ్ఱబంతిని సంచిలో వేసిన ఒక పాయింటు. అటుపిమ్మటనే ఒక రంగుబంతిని వేయవలెను. పసుపునకు 2, ఆకుపచ్చకు 3, గోధుమరంగునకు 4, నీలమునకు 5, గులాబికి 6, నలుపునకు 7. ఎఱ్ఱబంతులు ముగియువరకు రంగుబంతి మరల బల్లపైకి వచ్చును. తుదకు ఆరింటిని వరుసగా వేయవలెను. ఎదుటివానికి అవకాశ మీయక, ప్రతి ఎఱ్ఱబంతి వెనుకను నల్లబంతినే వేసినచో ఎన్ని పాయింట్లు? వెనుక వరుసనుండి ఒక బాలిక “147” అనెను. లెక్కల మాస్టారు వినియుండిన సంతోషించెడివారు. అట్టి ఒక్కొక్క ఆటకు ఫ్రేమ్ అని పేరు. విశాఖ తుదిపోటీలో ముందుగా అయిదు ఫ్రేములు గెలిచినవాడే విజేత.

అప్పుడు 5-1 అను అంకెలకు ప్రాణము వచ్చెను. మెక్‌గిల్ సామాన్యుడు కాడు. 2016 జూలైలో ఇదే పోటీ హైదరాబాదులో జరిగినపుడు కైరెన్ విల్సన్‌ను 5-2తో ఓడించి, తన తొలి ర్యాంకింగ్ విజయమును పొందినవాడు. తెలుగునేలపై గెలిచినదానిని తెలుగునేలపైననే కోలుపోయెను. హిగ్గిన్సునకో, అది 29వ ర్యాంకింగ్ విజయము. అదే పోటీ 2013లో ఢిల్లీలో జరిగినపుడు మన ఆదిత్య మెహతా చైనా దేశీయుడైన డింగ్ జున్‌హుయ్ చేతిలో 0-5తో ఓడెను. ఆ సున్నను మాత్రమే చూచినవానికి, ర్యాంకింగ్ పోటీలో తుదివరకు చేరిన తొలి భారతీయు డాతడేనని ఎట్లు తెలియును?

ఒక విద్యార్థి క్యూకు తెలుగేమని అడిగెను. మేము శిక్షణ పొందిన పొరుగు రాష్ట్రమున గురువొకరు ప్రతి పరభాషాపదమునకును మూరెడు సంస్కృత సమాసము కట్టుచుండిరి. మేమును కొంతకాల మట్లే చేసితిమి. ఇప్పుడా మోజు లేదు. క్యూను క్యూ యనియే పిలుచుకొందము. బంతి, బల్ల, సంచి, మూల, అడ్డు, దెబ్బ – ఇవి మనయొద్ద నున్నవి, చాలును. ఇంగ్లీషువారికి మాత్రము ఈ స్నూకర్ అను పేరు ఎట్లు వచ్చెను? 1875లో జబల్పూరులో ఆంగ్ల సైనికాధికారులు ఈ ఆటను కల్పించిరందురు. వారిలో ముఖ్యుడు నెవిల్ చేంబర్లేన్ (తరువాత బ్రిటన్ ప్రధానియైన ఆ పేరువాడు వేరొకడు). సైనిక విద్యాలయమున క్రొత్తగా చేరిన కుఱ్ఱవాండ్రను ఎగతాళిగా స్నూకర్లని పిలిచెడివారట. ఆ ఎగతాళిమాటయే ఆటకు పేరైనది. ఆడుచు, నవ్వుకొనుచు పెట్టిన పేరది. మన దేశముననే పుట్టిన ఆటను చెప్పుటకు తెలుగు చాలదనుట మాకు వింతగా తోచుచున్నది.

ఆ తండ్రిగారి కుమారుడు ఆనాడు వ్రాసిన కాగితము మాయొద్ద నున్నది. అందొక వాక్యము: “బంతిని వేయుట ఒక్కటే చాలదు సార్, తెల్లబంతి మరుసటి బంతికి సరిగా నిలువవలె.” వ్యాసములో ‘సార్’ ఏమిటని ఎఱ్ఱసిరాతో కొట్టివేయబోయి మానుకొంటిమి. ఆట మర్మమంతయు ఆ వాక్యముననే యున్నది. కాగితమును తండ్రిగారికి చూపగా రెండుమారులు చదివికొనిరి. బదిలీ పత్రము మాత్రము జూన్‌లో తీసికొనిపోయిరి.

కన్నడము మన రాష్ట్రభాష, ఇంగ్లీషు పై చదువులకు కావలసినది. రెండింటిని చక్కగా నేర్వవలసినదే. తల్లిదండ్రులను మేము కోరునది స్వల్పము: రాత్రి భోజనవేళ పిల్లలచేత నాటి ఆటను తెలుగులో చెప్పించుకొనుడు. విద్యార్థులు రాబోవు సంచికకు తాము కన్నులార చూచిన పోటీ నొకదానిని వ్రాసి ఈయవలెను. కబడ్డీయైనను సరియే, టీ కొట్టు ముందరి క్యారమ్ అయినను సరియే. గెలిచినదెవరో చివర వ్రాసినను చాలును.