కోట మనదైతే స్తూపం ఎవరిది?

శ్రీకాకుళం జిల్లా మందస కోట మీద ఈమధ్య మోజు పెరిగింది. పైన డ్రోను తిప్పడం, వెనకాల సన్నాయి పెట్టడం, 'మన రాజుల వైభవం' అని రాసి ఫోన్లలోకి వదలడం. కోవా తినడానికి మందస వెళ్లినవాళ్లు కూడా వారసత్వం గురించి ఉపన్యాసాలిస్తున్నారు. కోవా మంచిదే, దాంతో పేచీ లేదు. కానీ గుడారి రాజమణిపురంలోని వీరగున్నమ్మ స్తూపం మాటెత్తితే ఈ వారసత్వ ప్రియులే 'అది పార్టీల గొడవలెండి' అని ముఖం తిప్పుకుంటారు. బొడ్డపాడులోని నక్సలైటు అమరుల స్తూపం సంగతి ఇక చెప్పనక్కర్లేదు. కొట్టించినవాడి ఇల్లు చరిత్రట, దెబ్బలు తిన్నవాడి గుర్తు రాజకీయమట!

దెబ్బల గుర్తుల్ని కాపాడినవాళ్లూ ఉన్నారు. పోర్చుగల్ పల్లెల్లో నేరస్థుల్ని కట్టి నలుగురిలో నిలబెట్టిన రాతిస్తంభాలున్నాయి. 1933లో ఆ ప్రభుత్వం వాటిని రక్షిత కట్టడాలుగా ప్రకటించింది. పశ్చాత్తాపంతో కాదు, ఊరి అధికారానికి చిహ్నాలనే. ఏమైతేనేం, మనిషిని కట్టేసిన చోటు కళ్లెదుట మిగిలింది. మన వైపు శిక్షకి స్తంభం కూడా అక్కర్లేకపోయింది. పన్ను వసూళ్లలో హింసపై మద్రాసు ప్రభుత్వం వేసిన కమిషన్ 1855లో ఇచ్చిన నివేదిక తిరగేయండి. రెండు కర్రల్ని ఒక కొసన కట్టి, మధ్యలో వేళ్లు పెట్టి నొక్కేవారు, ఆ సాధనం పేరు 'చీరట'. మనిషిని వంచి, తలని కాలివేళ్లకి కట్టి, ఎండలో నిలబెట్టి, వీపున రాయి పెట్టేవారు. దారిపక్కన దొరికిన ఏ రాయైనా సరిపోయేది. పని కాగానే అది మళ్లీ మామూలు రాయే. దానికి బోర్డెవడు పెడతాడు?

అది కుంపిణీవాళ్ల పాపం, మా రాజులకి అంటగట్టకండి అంటారు. సరే, కుంపిణీని వదిలేద్దాం. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. రోజుల వ్యవధిలోనే, ఏప్రిల్ 1న, మందస జమీందారు అడవిలో కలప కొట్టారని రైతుల్ని పట్టుకుపోవడానికి పోలీసులొచ్చారు. అడ్డంపడిన ఆడవాళ్ల ముందు నిలిచిన గున్నమ్మని కాల్చి చంపారు. ఆమెతోపాటు ఇంకొందరు రైతులూ పోయారు. ఇదీ పార్టీల గొడవేనా? రాజులు గుళ్లు కట్టించారు, బళ్లు పెట్టారు అంటారా? ఆ డబ్బు ఎవరి గాదెల్లోంచి వచ్చిందో కూడా చెప్పండి.

కోటని కూల్చమని ఎవరూ అనడంలేదు. బాగుచెయ్యండి, నలుగురికీ చూపించండి. అక్కడే 1940 కథ రాసిన పలక పెట్టండి, బడిపిల్లల్ని అటునించి అటే స్తూపం దాకా తీసుకెళ్లండి. డబ్బెవరివ్వాలి, పలక మీద ఏం రాయాలి అన్నవి తరవాత తేల్చుకోవచ్చు. ముందు గున్నమ్మని పార్టీల ఖాతాలోకి తోసెయ్యడం మానండి.