అప్పు తీరాలి, గౌరవం మిగలాలి

పేదవాడి ఇంట్లో జబ్బు, చదువు, జీవనోపాధి వేర్వేరు సమస్యలు కావు. ఇంటిపెద్ద మంచాన పడితే తోపుడుబండి అమ్ముడవుతుంది. పిల్లవాడు బడి మానేస్తాడు. వడ్డీ వ్యాపారి గుమ్మంలోకి వస్తాడు.

ఈ మూడింటికీ కలిపి మందు వెతికిన సంస్థ పాకిస్తాన్‌లోని ‘అఖువత్’. సోదరభావమని ఆ పేరుకు అర్థం. డాక్టర్ అమ్జద్ సాఖిబ్ 2001లో లాహోరులో దీన్ని స్థాపించారు. ఒక వితంతువుకు కుట్టుపని కోసం ఇచ్చిన 10 వేల రూపాయల ఖర్జె హసనాతో, అంటే వడ్డీలేని అప్పుతో, పని మొదలైంది. ఆమె ఆ బాకీ తీర్చింది. తిరిగి వచ్చిన సొమ్ము మరొకరికి ఆసరా కావడమే ఆ సంస్థ పద్ధతి. మసీదుల్లోనే కాదు, చర్చీల్లోనూ రుణాలిస్తారు, మతం చూడరు. అప్పు తీర్చినవారిలో ఎందరో తామే దాతలయ్యారు. వైద్యసేవలు, ఉచిత కళాశాలలు తరువాత వచ్చాయి. 2021లో సాఖిబ్‌కు రామన్ మెగసెసే అవార్డు లభించింది.

రంజాన్‌లో మనం పంచే చిల్లర ఒక పూట ఆకలి తీర్చవచ్చు గాని, వడ్డీ ఉచ్చును తెంచలేదు. జకాత్ ఎలాగూ హక్కుదారులకు చెందవలసిందే. దానికి తోడు సదఖాలతో ప్రతి మొహల్లాలో ఒక చిన్న నిధి ఏర్పడాలి. దాని లెక్కలు అందరికీ తెలియాలి. నేడు చేయి చాచినవాడు రేపు చేయి అందించేవాడు కావాలి. ఈ జుమా నమాజు తరువాత నలుగురూ కూర్చుని ఆలోచించాలని మా విన్నపం.