ఫొటో చూసి వేయండి.. ఫొటోను మాత్రం వేయొద్దు!

ఇడుపులపాయ ట్రిపుల్‌ఐటీలోనో, పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు కాలేజీల్లోనో చదువుతున్నారా? అయితే మీ ఫోన్ గ్యాలరీలో గండికోట లోయ ఫొటో ఒక్కటైనా ఉండే ఉంటుంది. గండి దగ్గర కొండల్ని చీల్చుకుని వచ్చే పాపాఘ్ని ఫొటో కూడా ఉండొచ్చు. స్టేటస్‌లో పెట్టి మరిచిపోయి ఉంటారు. ఆ ఫొటోల్లో ఒకదాన్ని ఈ సెలవుల్లో వాటర్ కలర్‌లో వేసి చూడండి.

‘ప్లేస్‌మెంట్లు నెత్తిమీదికొస్తుంటే బొమ్మలేంటి? బొమ్మలు కూడు పెడతాయా?’ అని మీకే కాదు, ఇంట్లో అమ్మానాన్నలకూ అనిపిస్తుంది. న్యాయమైన ప్రశ్నే. నాలుగు కొండలూ ఒక ఏరూ వేసినంత మాత్రాన ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కానీ ఒక ఫొటోను ముందు పెట్టుకుని, అందులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, ఏది ముందు వేయాలి, ఏది చివరికి వదలాలి అని తేల్చుకోవడం మాత్రం ఉద్యోగంలో పనికొచ్చే నైపుణ్యమే. డిజైన్ వైపు చూస్తున్న ఇంజినీరింగ్ విద్యార్థికి దాన్ని తక్కువ ఖర్చులో నేర్పేది వాటర్ కలరే అని నా అభిప్రాయం.

ఫొటో పెట్టుకోవడం తప్పా?

‘ఫొటో చూసి వేసేది బొమ్మే కాదు, చెట్టు కింద కూర్చుని ఎదురుగా చూసి వేయాలి’ అనే పెద్దలు ఉన్నారు. ఆ మాటలో సగం నిజం ఉంది. ఎదురుగా చూస్తే కన్ను నేర్చుకున్నంతగా తెర మీద చూస్తే నేర్చుకోదు. కానీ మన కడప జిల్లా ఎండలు వాళ్లకు తెలియనివి కావు. వేసవిలో 40 డిగ్రీలు దాటాక, వేడి గాలిలో ఆకాశానికి పలచటి పూత సగం వేసేలోపే మొదటి సగం ఆరిపోతుంది. తడి మీద తడి కలిస్తేనే మెత్తగా వచ్చే మబ్బు, ఆరిన అంచుతో చారలా మిగులుతుంది. పైగా హాస్టల్లో ఉండేవాళ్లకు అనుకున్నప్పుడల్లా గండికోట వెళ్లే వీలెక్కడ? ఒక్కసారి వెళ్లి ఫొటోలు తెచ్చుకుని, గదిలో ఫ్యాన్ ఆపుకుని వేయడమే మనకు కుదిరే దారి.

అయితే ఫొటో పెట్టుకోవడం వేరు, దాన్ని గీతగీతకూ దించేయడం వేరు. రెండోదాని కోసం ప్రింటర్ ఉంది. ‘వాటర్ కలర్‌లా చేసి పెట్టు’ అంటే ఇప్పుడు ఏఐ యాప్ కూడా క్షణాల్లో ఇస్తుంది. అందుకే పూర్తయిన బొమ్మ ఒక్కటే చూపిస్తే ఇక ముందు ఎవరూ అంతగా ఆశ్చర్యపోరు. ఆ బొమ్మ వెనక మీరు తీసుకున్న నిర్ణయాలకే విలువ.

కెమెరా ఎక్కడ మోసం చేస్తుంది?

ముందు ఫొటోను అనుమానించడం నేర్చుకోండి. ఫోన్ కెమెరా లెన్సు వెడల్పుగా చూస్తుంది. కాళ్ల దగ్గరి బండ పెద్దదై, దూరపు కొండ చీమంత అవుతుంది. గండికోట అంచున నిలబడితే గుండె జల్లుమనిపించే లోతు, ఫొటోలో చదునైపోయేది ఇందుకే. ఇక వెలుగు సంగతి. లోయ నీడకు సరిపడా వెలుగు తీసుకుంటే ఆకాశం తెల్లగా పాలిపోతుంది. ఆకాశం నీలంగా రావాలంటే నీడ బొగ్గులా మారుతుంది. అక్కడ నిలబడి చూసినప్పుడు ఆ నీడ నలుపు కాదు. ఎదురు బండ మీద పడిన ఎండ తిరిగి కొట్టి, ఎర్రటి వెచ్చదనం అందులో కనిపిస్తుంది.

మందు సులువే. ఒకే చోటు నుంచి రెండు ఫొటోలు తీయండి. ఒకసారి తెర మీద ఆకాశాన్ని, ఇంకోసారి నీడను తాకి వెలుగు సరిచేయండి. తర్వాత ఫోన్ జేబులో పెట్టేసి రెండు నిమిషాలు ఊరికే చూడండి. నీడ ఏ రంగులో ఉంది, దూరపు కొండ ఎంత నీలంగా ఉంది, ఎండ ఏ వైపు నుంచి వస్తోంది అన్నవి మూడు ముక్కల్లో రాసుకోండి. తర్వాత గదిలో ఫొటోకు, ఆ చీటీకి తేడా వస్తే చీటీనే నమ్మండి.

రంగు ముట్టుకునే ముందు

ఆయిల్ పెయింట్‌లో తప్పు జరిగితే పైన ఇంకో పూత వేసి కప్పొచ్చు. వాటర్ కలర్‌లో అది కుదరదు. ఇందులో తెలుపంటే కాగితమే. పెన్నా నీటి మీది మెరుపును వదలాల్సిన చోట రంగు పడితే, ఆ తెలుపు మళ్లీ పూర్తిగా రాదు. లేత రంగు నుంచి ముదురు రంగుకే నడవాలి. అందుకే ఈ మాధ్యమం ముందే ఆలోచించమని చెవి మెలేస్తుంది.

మొదట ఒక్క వాక్యం రాయండి: ఈ బొమ్మ దేని గురించి? ‘లోయ లోతు గురించి’ అనుకుందాం. అప్పుడు ఆకాశం పెద్దగా అక్కర్లేదు, ఫొటోను పైనుంచి కత్తిరించొచ్చు. లోతు చూపని ప్రతిదీ అదనమే. సెల్ఫీ దిగుతున్న జనం, నీళ్ల బాటిల్, మూలన కనిపించే బైకు.. అన్నీ తీసేయండి. ఎర్ర బండల అంచు, దాని కింద నీడ, అడుగున సన్నటి నీటి పాయ మిగిలితే చాలు.

రెండోది, ఫొటోను ఫోన్‌లోనే నలుపు తెలుపు చేయండి. రంగులు పోయాక వెలుగునీడలు బయటపడతాయి. దాన్ని చూస్తూ అగ్గిపెట్టెంత గడిలో పెన్సిల్‌తో మూడే మూడు ఛాయలు పెట్టండి: కాగితం తెలుపు, మధ్యరకం బూడిద, ముదురు. ఇలాంటివి నాలుగు వేయండి, ఒక్కోదానిలో కొండను జరపండి, నీటిని పైకో కిందికో మార్చండి. ఐదు నిమిషాల పని. ఆ చిన్న గడిలో బాగోని బొమ్మ పెద్ద కాగితం మీద ఎంత కష్టపడ్డా బాగుండదు.

మూడోది, పూతల వరుస రాసుకోండి. ఏది తడిగా ఉండగా వేయాలి, ఏది ఆరాక వేయాలి, ఎక్కడ తెలుపు వదలాలి అని. రంగులు ఎక్కువ కొనక్కర్లేదు. ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ నీలం.. ఈ మూడింటితోనే మన ప్రాంతం చాలావరకు వచ్చేస్తుంది. గండికోట ఎర్రబండకు సియెన్నా ఉంది. దానికి నీలం కలిపితే నాపరాయి బూడిదరంగు వస్తుంది. పులివెందుల చీనీ తోటల పచ్చదనం కావాలంటే ఇంకో పసుపు జత చేస్తే సరి. డబ్బులు పెట్టాల్సింది కాగితం మీద. 300 జీఎస్ఎం కాగితం తీసుకోండి. మామూలు డ్రాయింగ్ షీటు నీటికి ఉబ్బి ముడతలు పడుతుంది. రంగు ఆరాక ఒక మెట్టు లేతబడుతుంది కాబట్టి, తడిగా ఉన్నప్పుడు కాస్త ముదురుగా కనిపించినా భయపడొద్దు.

చివరిది ఆపడం. గండి వీరాంజనేయస్వామి స్థలపురాణం మీకు తెలిసే ఉంటుంది. శ్రీరాముడు బాణం మొనతో శిల మీద హనుమంతుడి రూపం గీశాడని, ఎడమచేతి చిటికెన వేలు మాత్రం మిగిలిపోయిందని చెబుతారు. ఆ వేలు లేదని భక్తులు మొక్కడం మానలేదు. మీ బొమ్మలో కూడా ప్రతి గడ్డిపోచా వేయాల్సిన పని లేదు. చెప్పాల్సింది చెప్పాక బ్రష్ కింద పెట్టేయండి.

కెరియర్‌కు ఏం ఒరుగుతుంది?

2008లో మొదలైన ఆర్జీయూకేటీ ప్రతిభ గల గ్రామీణ విద్యార్థులను పదో తరగతి తర్వాత ఆరేళ్ల చదువుకు తీసుకుంటుంది. వీళ్లలో చాలామందికి స్కూల్లో డ్రాయింగ్ టీచర్ అన్నమాటే తెలియదు. బీటెక్ తర్వాత డిజైన్‌లో పీజీ చేయొచ్చన్న సంగతీ ఆలస్యంగానే తెలుస్తుంది. ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్షను ఎండెస్ కోసం బీటెక్ చివరి ఏడాది వాళ్లూ రాయొచ్చు. అందులో పార్ట్-ఎ కంప్యూటర్ మీద ఉంటుంది, పార్ట్-బి కాగితం మీద చేత్తో గీయాలి. ఇంటర్ స్థాయి వాళ్లకు బీడెస్ కోసం యూసీడ్ ఉంది. చిత్రకళనే చదువుగా తీసుకుంటామనే వాళ్లకు కడపలోనే 2020లో ఏర్పాటైన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది.

ఈ పరీక్షలకు నగరాల్లో ఫీజు కట్టి కోచింగ్ తీసుకునే పిల్లలతో మీరు పోటీ పడాలి. వాళ్ల దగ్గర లేనిది మీ దగ్గర ఒకటుంది: మీ చుట్టూ ఉన్న చోటు. ఇంటర్నెట్లో దొరికిన స్విట్జర్లాండ్ సరస్సును దించిన పోర్ట్‌ఫోలియో ముందు ‘ఈ చెట్టు ఇక్కడెందుకు పెట్టారు?’ అని అడిగితే జవాబు ఉండదు. మీరే నడిచిన, మీరే ఫొటో తీసిన లోయ అయితే చెప్పడానికి బోలెడు ఉంటుంది. అందుకే పోర్ట్‌ఫోలియోలో బొమ్మ ఒక్కటే పెట్టకండి. పక్కన అసలు ఫొటో, అగ్గిపెట్టెంత స్కెచ్‌లు, తీసేసినవాటి జాబితా, పాడైన మొదటి ప్రయత్నం కూడా పెట్టండి. యాప్ స్క్రీన్ డిజైన్ చేసేవాళ్లు, గేములకు బ్యాక్‌గ్రౌండ్లు వేసేవాళ్లు చేసేది కూడా ఇదే: చూసేవాడి కన్ను ముందు ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించడం.

ఒక హెచ్చరిక. కాపీరైట్ చట్టం–1957 ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసిన వ్యక్తి. గూగుల్‌లో కనిపించినంత మాత్రాన అది అందరి సొత్తు కాదు. ఇంట్లో సాధనకు ఏం చూసి వేసినా, పోటీకి పంపేది, అమ్మేది, పోర్ట్‌ఫోలియోలో పెట్టేది మాత్రం మీ ఫొటో నుంచి గానీ, అనుమతి తీసుకున్న ఫొటో నుంచి గానీ ఉండాలి.

రాజమండ్రిలో పుట్టి, మూడు పదులైనా నిండకుండానే 1925లో కన్నుమూసిన దామెర్ల రామారావు గోదావరి దృశ్యాలు వేశారు. ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఆయన చిత్రాలను ఇప్పటికీ చూడొచ్చు. పెన్నాకు, పాపాఘ్నికి అలాంటి బొమ్మలు ఇంకా ఎన్నో రావాలి. అవి ఈ ఊళ్లలో పెరిగినవాళ్లు వేస్తేనే బాగుంటుంది.

వారానికి ఒక్క ఆదివారం, రెండు గంటలు చాలు. ఎనిమిది వారాలు ఒకే ఫొటోను ఎనిమిది రకాలుగా వేయండి. మొదటి మూడూ బాగా రావు, చింపేయకుండా దాచుకోండి. ఎనిమిదోది పూర్తయ్యాక అన్నీ వరుసగా నేల మీద పరిచి, ఒక్కోదానిలో ఏం మార్చారో, ఎందుకు మార్చారో స్నేహితుడికి చెప్పి చూడండి. తడుముకోకుండా చెప్పగలిగితే, రేపు ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చోవడానికి మీ దగ్గర సొంత మాట ఒకటి సిద్ధమైనట్టే.