లాభం వాళ్ల పేర, అప్పు మన పేర

ఎయిరిండియా అమ్మకం గురించి రైతు సంఘం పత్రికలో సంపాదకీయం ఎందుకని సభ్యులు అడగవచ్చు. రాజుపాలెం మండలంలో శనగ, పత్తి వేసుకునే రైతుకు విమానంతో పనేముందని అనిపించవచ్చు. పని ఉంది. సేద్యం గిట్టక మన జిల్లా నుంచి కువైట్ పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. 2020 మేలో కరోనా మధ్య విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే పని మొదలైనప్పుడు, టికెట్ డబ్బులు తీసుకునైనా, ముందు కదిలినవి ఎయిరిండియా, దాని అనుబంధ సంస్థ విమానాలే. అంతకంటే ముఖ్యం, ఆ అమ్మకం జరిగిన తీరు. రేపు మరో ప్రభుత్వ సంస్థను అమ్మేటప్పుడూ అదే తీరు నడుస్తుంది.

లెక్క చూద్దాం. 2021 అక్టోబర్ 8న కేంద్రం టాటాల బిడ్‌ను ఆమోదించింది. ధర రూ.18,000 కోట్లన్నారు. అందులో ఖజానాకు నగదుగా వచ్చేది రూ.2,700 కోట్లే. మిగతా రూ.15,300 కోట్లు, సంస్థ అప్పులో కొన్నవారు తీసుకున్న వాటా. 2021 ఆగస్టు చివరికి మొత్తం అప్పు రూ.61,562 కోట్లు. మిగిలిన రూ.46,262 కోట్లు వేరే ప్రభుత్వ సంస్థ ఖాతాకు మార్చారు. రూ.14,718 కోట్ల విలువ కట్టిన భూములు, భవనాలు కూడా ఆ సంస్థకే వచ్చిన మాట నిజం. ఆ ఆస్తులు, ఆ నగదు రెండూ తీసేసినా రూ.28,844 కోట్ల అప్పు ప్రజల నెత్తిన మిగిలింది. విమానాలు, విమానాశ్రయాల్లో దిగే హక్కులు, దేశదేశాల దారులు మాత్రం కొన్నవారికి పోయాయి.

పొలం బ్యాంకులో తాకట్టు ఉంటే మనం ఏం చేస్తాం? అప్పు కట్టి, కాగితాలు విడిపించుకున్నాకే రిజిస్ట్రేషన్. పొలం కొన్నవాడికి, దాని అప్పు ఊరందరికీ అంటే ఏ ఊరూ ఒప్పుకోదు. పంట రుణం వాయిదా తప్పితే కుదువ పెట్టిన బంగారం వేలానికి వస్తుంది. మన అప్పు పక్కన పెట్టడానికి వేరే సంస్థ ఏదీ పుట్టదు.

రోజుకు రూ.20 కోట్ల నష్టం వస్తుంటే ఇంకెన్నాళ్లు భరించాలన్నది ప్రభుత్వ వాదన. నష్టం నిజమే. అది ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి కదా. ఒక్కసారిగా 111 విమానాలు కొనాలన్నదీ, 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను కలిపిందీ ప్రభుత్వాల నిర్ణయాలే. 2011లో కాగ్ ఈ రెండింటినీ తప్పుబట్టింది. నిర్ణయం తీసుకున్నవాళ్లు ఎవరూ నష్టపోలేదు. సంస్థ ప్రభుత్వ చేతిలో ఉన్నంత మాత్రాన బాగా నడుస్తుందని మనమూ అనడం లేదు. చెడగొట్టినవారిని అడగకుండా, చెడిందని చెప్పి అమ్మేయడమే మన అభ్యంతరం.

ప్రైవేటువారి నష్టం ప్రజల మీద పడటం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. కేసీ కాలువను 1863లో తవ్వడం మొదలుపెట్టింది మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. రాబడి వచ్చినా రాకున్నా వాటాదారులకు 5 శాతం వడ్డీకి సర్కారు హామీ. అనుకున్న రాబడి రాలేదు. చివరికి 1882లో సర్కారే డబ్బిచ్చి కాలువను కొనుక్కుంది. ఆ డబ్బు చివరికి శిస్తు కట్టిన రైతుదే.

ఇక విశాఖ ఉక్కు. 1966 ఉద్యమంలో ప్రాణాలిచ్చి, ఊళ్లు ఖాళీ చేసి, భూములిచ్చి సాధించుకున్న ఫ్యాక్టరీ అది. నూరు శాతం వాటా అమ్మాలని 2021 జనవరి 27న కేంద్రం సూత్రప్రాయంగా నిర్ణయించింది. సరిగ్గా ఏడాదికి, 2022 జనవరి 27న, ఎయిరిండియా చేతులు మారింది. విశాఖ కార్మికులు, నిర్వాసితులు పోరాటం విడవలేదు. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. సొంత ఇనుప గనులు మాత్రం ఇంకా రాలేదు.

మన జమ్మలమడుగు సంగతి తెలిసిందే. 2007లో బ్రహ్మణి స్టీల్స్‌కు పది వేల ఎకరాలకు పైగా కేటాయించారు. 2014 విభజన చట్టంలో సెయిల్ ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని రాశారు. 2018లో, 2019లో, 2023లో వరుసగా శంకుస్థాపనలు చేశారు. 2023 నాటికి అది ప్రైవేటు ఫ్యాక్టరీ అయింది.

అందుకే మన డిమాండ్లు సూటిగా ఉండాలి. ఏ ప్రభుత్వ సంస్థను అమ్మాలన్నా అప్పు ఎవరిది, భూమి ఎవరిది, నష్టానికి బాధ్యులెవరు అన్నది ముందే చట్టసభలో చెప్పాలి. విశాఖ ఉక్కుకు సొంత గనులు ఇవ్వాలి. పరిశ్రమ పేరుతో తీసుకుని ఖాళీగా ఉంచిన భూమిని రైతుకు తిరిగి ఇవ్వాలి.

రేపు కరెంటు పంపిణీ వంతు రావచ్చు, శనగలు కొనే మార్క్‌ఫెడ్ వంతు రావచ్చు. నష్టం అనే మాట మొదలైన రోజే లెక్క అడగాలి, అమ్మాక అడిగి ప్రయోజనం లేదు. ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో పై డిమాండ్లను చర్చించి తీర్మానాలు చేయాలని సభ్యులను కోరుతున్నాం.