పాత బండి కొంటున్నారా? సి-బుక్కు మార్పించుకోండి!



హాస్టల్ వదిలి ఉద్యోగంలో చేరగానే మనలో చాలామందికి వచ్చే మొదటి ఆలోచన బండి. కొత్తది కొనే స్తోమత లేక పాతది చూస్తాం. అందులో తప్పులేదు. నేర్చుకునేటప్పుడు ఒకటి రెండుసార్లు పడేస్తాం కనుక తేలికైన వంద సీసీ పాత బండే మేలు.

నేను గుడివాడలో మొదటి బండి కొన్నప్పుడు రంగు చూశాను, ఇంజను శబ్దం విన్నాను. సి-బుక్కు సంగతి అడిగితే "తర్వాత మార్పించుకుందువులే" అన్నాడు అమ్మినాయన. నమ్మాను. రెండేళ్ళకు అమ్మబోతే ఆయన ఊరు మారిపోయాడు. ఒక్క సంతకం కోసం ఎంత తిరిగానో!

నష్టం కొన్నవాడికే కాదు. పేరు మారకుండా ప్రమాదం జరిగితే, సి-బుక్కులో పేరున్నవాడే పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టం ప్రకారం కొన్నవాడు 30 రోజుల్లోగా పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి.

అందుకే నా మనవి: డబ్బు చేతిలో పెట్టేముందే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకోండి. ఛాసిస్, ఇంజను నంబర్లు సి-బుక్కుతో సరిచూడండి. ఫైనాన్సు బండైతే అప్పు తీరినట్టు కాగితం అడగండి. ఇన్సూరెన్సు కూడా మీ పేరుకు మార్పించుకోండి. బందరు, దివిసీమ ఉప్పుగాలికి తిరిగిన బండైతే వంగి అడుగున తుప్పు చూడండి. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళండి.

సి-బుక్కు మీ పేరున, లైసెన్సు మీ జేబులో, హెల్మెట్ మీ తలపై ఉన్నప్పుడే ఆ బండి మీది. మొహమాటపడకండి!