స్కాలర్‌షిప్పు వస్తే... పన్ను లెక్క మారుతుంది!

అమ్మాయికి ఇంజినీరింగ్‌లో సీటొచ్చింది. మంచి మార్కులు వచ్చాయని కాలేజీవాళ్లు మెరిట్‌ స్కాలర్‌షిప్పూ ఇచ్చారు. ట్యూషన్‌ ఫీజు ఏడాదికి 1,40,000 రూపాయలైతే అందులో 60,000 తగ్గించారు. ఇంటిల్లిపాదికీ పండగే! తీరా ఆఫీసులో పన్ను మినహాయింపు కాగితాలు అడిగినప్పుడు వచ్చింది చిక్కు. నాన్న ఫారంలో 1,40,000 అని రాయబోతుంటే అమ్మ ఆపింది.

'రశీదులో ఎనభై వేలే ఉంది కదండీ?'

'ఫీజు అంతేనని కాలేజీ బ్రోషర్‌లో ఉందిగా. ఎవరు చూస్తారులే!'

చాలా ఇళ్లలో వినిపించే మాటలే ఇవి. ఇద్దరిలో అమ్మ లెక్కే సరైనది. సెక్షన్‌ 80సి కింద మినహాయింపు దొరికేది కాలేజీ అడిగిన ఫీజుకు కాదు, తల్లిదండ్రులు నిజంగా కట్టిన ట్యూషన్‌ ఫీజుకు. అదీ మనదేశంలో ఫుల్‌టైమ్‌ చదువుకు, ఇద్దరు పిల్లల వరకే. డొనేషన్‌, డెవలప్‌మెంట్‌ ఫీజులను ఇందులో కలపకూడదు. హాస్టల్‌, బస్సు ఖర్చులూ అంతే.

అబద్ధం రాస్తే మిగిలేదెంతో చూద్దాం. నాన్నకి పీఎఫ్‌ కింద ఏడాదికి 50,000 పోతోంది. దానికి 80,000 ఫీజు కలిపితే 1,30,000. 80సి గరిష్ఠ పరిమితి 1,50,000. అంటే ఎక్కువ రాసినా అదనంగా కలిసొచ్చేది 20,000 మీద మినహాయింపే. 20 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి అది 4,160 రూపాయలు. వాస్తవాలను దాచారని తేలితే ఆ పన్నూ వడ్డీ కట్టడమే కాదు, పన్నుకు రెట్టింపు... అంటే 8,320 రూపాయల జరిమానా పడొచ్చు. అదే 20,000ను మార్చి 31లోగా పీపీఎఫ్‌లో వేస్తే ఆ 4,160 నిజాయతీగానే మిగులుతుంది, డబ్బూ అమ్మాయి చదువుకు ఉంటుంది!

ఒక్కోసారి ఫీజంతా ముందు కట్టేస్తారు, స్కాలర్‌షిప్పు తర్వాతెప్పుడో విద్యార్థి ఖాతాలో పడుతుంది. అలాంటప్పుడూ వచ్చిన సొమ్ము తీసేసి, మిగతా మొత్తానికే మినహాయింపు కోరితే రేపు ఎవరడిగినా జవాబు ఉంటుంది. రశీదుతోపాటు స్కాలర్‌షిప్పు మంజూరు పత్రాన్నీ దాచుకోవాలి.

మరి స్కాలర్‌షిప్పు మీద పన్ను పడుతుందా? చదువు ఖర్చుల కోసం ఇచ్చిన స్కాలర్‌షిప్పుకు పన్ను లేదు. పాత, కొత్త విధానాలు రెండింటిలోనూ అంతే. చేసిన పనికి జీతంలా ఇచ్చే సొమ్ము మాత్రం వేరు. దానికి స్కాలర్‌షిప్పని పేరు పెట్టినంత మాత్రాన పన్ను తప్పదు.

విద్యారుణం తీసుకున్నవారికి సెక్షన్‌ 80ఈ ఉంది. కట్టిన వడ్డీకి పరిమితి లేకుండా, వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు దొరుకుతుంది. అసలుకు దొరకదు. ఇక్కడా అదే సూత్రం. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఏటా 8 లక్షల రూపాయల వరకు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు 10 లక్షల వరకు రుణంపై మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ప్రభుత్వం భరించిన ఆ వడ్డీని మన ఖాతాలో రాసుకోకూడదు. సొంత జేబులోంచి కట్టిందే లెక్క. బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్‌ తీసుకుంటే తేడా తెలిసిపోతుంది.

రెండు సంగతులు మరిచిపోవద్దు. 80సి, 80ఈ మినహాయింపులు పాత పన్ను విధానంలోనే ఉన్నాయి. కొత్తది ఎంచుకున్నవారికి వర్తించవు. 2025లో చేసిన కొత్త ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లూ మారాయి. 80సి స్థానంలో 123, 80ఈ స్థానంలో 129 వచ్చాయి.

ఇంతకీ ఆ నాన్న ఏం చేయాలి? ఫారంలో 80,000 అని రాసి, పీపీఎఫ్‌ పుస్తకం బయటికి తీయాలి. మార్కులు అమ్మాయి తెచ్చింది. లెక్క తప్పకుండా చూసుకోవడం పెద్దల వంతు!